చింత లేని మనిషి ఉంటాడా? హైడెగ్గర్, కతోలిక ఆలోచన, మన ఇళ్ళలోని మంచాలు

పెన్నగట్టు (నెల్లూరు)

జర్మన్ తత్వవేత్త మార్టిన్ హైడెగ్గర్ 1927లో వెలువరించిన 'బీయింగ్ అండ్ టైమ్' 42వ విభాగంలో ఒక పాత లాటిను కథ ఉంది. హైజినస్ అనే రోమన్ రచయిత కథల్లోది. చింత అనే దేవత ఏరు దాటుతూ బంకమట్టి చూసింది. ముద్ద తీసుకుని, ఏదో ఆలోచనలో ఉండి, ఒక ఆకారం చేసింది. అటుగా వచ్చిన దేవతల రాజు జూపిటర్‌ను ప్రాణం పొయ్యమని అడిగితే పోశాడు. పేరు దగ్గర తగాదా వచ్చింది. నా పేరు పెట్టాలంటే నా పేరు పెట్టాలని ఇద్దరూ పట్టుబట్టారు. మట్టి నా ఒంటిది కదా అని భూమి కూడా లేచింది. కాలానికి అధిపతి అయిన సాటర్న్ తీర్పు చెప్పాడు: చనిపోయాక ప్రాణం జూపిటర్‌ది, దేహం భూమిది, బతికి ఉన్నంతకాలం మాత్రం ఈ ప్రాణి తనను చేసిన చింత చేతిలోనే ఉండాలి.

హైడెగ్గర్ దీన్ని అలంకారం కోసం తేలేదు. అంతకు ముందు 41వ విభాగంలో తాను కట్టిన వాదానికి సాక్ష్యంగా తెచ్చాడు. మనిషి ఎప్పుడూ తనకన్నా కాస్త ముందుంటాడు, రేపటి వైపు వంగి ఉంటాడు. తాను ఎంచుకోని లోకంలో అప్పటికే పడి ఉంటాడు. చుట్టూ ఉన్న పనుల్లో, వస్తువుల్లో, మనుషుల్లో మునిగి ఉంటాడు. ఈ మూడూ విడదీయరానివి. ఈ మొత్తానికి ఆయన చెప్పిన పేరే చింత. కాబట్టి అది ఒక మనోభావం కాదు. దిగులుపడే మనిషిలోనూ ఉంది, నిశ్చింతగా గాలి పీల్చే మనిషిలోనూ ఉంది.

నన్ను నిలవనీయనిది 26వ విభాగం. ఇతరుల పట్ల మన చింతకు రెండు కొసలున్నాయని అక్కడ అంటాడు. ఒకటి, ఎదుటి మనిషి స్థానంలోకి మనమే దూకి అతని పని చేసిపెట్టడం. అతను పక్కకు జరుగుతాడు, తయారైనదాన్ని అందుకుంటాడు, తెలియకుండానే మన చెప్పుచేతల్లోకి వస్తాడు. రెండోది, అతనికన్నా ముందు నడిచి, అతని చింతను అతనికే తిరిగి అప్పగించడం.

మా అమ్మకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఎడమ చేత్తో తినాలని చూస్తుంది, అన్నం సగం ఒడిలో పడుతుంది. అక్క వచ్చి కలిపి ముద్దలు పెడుతుంది. అమ్మ నోరు తెరుస్తుంది గాని మొహం తిప్పుకుంటుంది. అక్క చేసేది ప్రేమ కాదని నేను ఎలా అనను? అమ్మ మొహం తిప్పుకోవడం అబద్ధమని ఎలా అనను?

ఇంకో ప్రశ్న కతోలిక మిత్రులకు. కొండమీది ప్రసంగంలో ఏసు రేపటి గురించి చింతించవద్దన్నాడు. చింతే మనిషి అని హైడెగ్గర్ అంటున్నాడు. ఈ రెండూ ఒక చోట నిలుస్తాయా?

ఉపదేశిగారబ్బాయి (కందుకూరు)

పెన్నగట్టు గారూ, నమస్కారం. రెండో ప్రశ్న నాది అనుకుని మొదలుపెడతాను. నేను కొన్నేళ్ళు పాదిరీలను తయారుచేసే గురువిద్యాలయంలో చదివి బయటికి వచ్చినవాణ్ణి. ఇప్పుడు బడిపంతులును.

ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. హైడెగ్గర్ కతోలిక గుడి నీడలో పెరిగిన పిల్లవాడు. 1889లో మెస్కిర్ష్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి అక్కడి పునీత మార్టిన్ గుడిలో గంట కొట్టడం, గుడి చూసుకోవడం పనిగా ఉన్నవాడు. కొడుకు జెస్విటులనే కతోలిక సన్యాసుల దగ్గర చేరి, ఆరోగ్యం బాగాలేక కొద్ది రోజులకే తిరిగివచ్చాడు. 1911 వరకు ఫ్రైబుర్గ్‌లో వేదాంతం చదివాడు. 1919 జనవరిలో మిత్రుడైన ఒక పాదిరీకి ఉత్తరం రాసి, కతోలిక వ్యవస్థ తనకు ఇక ఒప్పుదల కాదని చెప్పుకున్నాడు. ఆ తర్వాత కూడా 1921లో ఆయన తరగతిలో చెప్పిన పాఠం పాతకాలపు క్రైస్తవ వేదాంతి పునీత అగుస్తీను 'ఒప్పుకోలు' పదో పుస్తకం మీదే. "నాకు నేనే బరువయ్యాను" అని అగుస్తీను దేవుడితో మొరపెట్టుకునే పుస్తకం అది. చింత అనే ఆలోచనకు వేరు అక్కడుంది. అందుకే ఆయన రాసింది చదువుతుంటే మా గుడి మెట్లు ఎక్కడో కనిపిస్తుంటాయి, గుడి మాత్రం కనిపించదు.

అగుస్తీనులో చింతకు ఒక గమ్యం ఉంది. ఏడో కీర్తన మీద వ్యాఖ్య రాస్తూ, చింత చివరకు చేరేది ఆనందం దగ్గరికే అంటాడు. మనం దేనిలో ఆనందిస్తామో దానికోసమే చింతిస్తాం, కాబట్టి మన చింత ఎటు పోతుందో చూస్తే మన ప్రేమ ఎక్కడుందో తెలుస్తుంది. హైడెగ్గర్ ఆ చూపును తీసుకుని గమ్యాన్ని వదిలేశాడు. ఆయన పుస్తకంలో చింతకు అవతలి ఒడ్డున మరణం ఒక్కటే ఉంటుంది.

ఇక 'చింతించవద్దు' అన్న మాట. మధ్యయుగపు కతోలిక వేదాంతి పునీత తోమాసు అక్వీనాస్ దీన్ని చాలా ఓపికగా విడదీశాడు. ముందుచూపుతో జాగ్రత్తపడటం వివేకం అనే సుగుణంలో భాగమని ఒక చోట చెప్పాడు. ఇంకొక చోట, ఏసు వద్దన్నది లౌకిక వస్తువులనే గమ్యంగా పెట్టుకోవడాన్ని, వాటికోసం అతిగా పాకులాడటాన్ని, చేయాల్సింది చేశాక కూడా అవసరమైనది దొరకదేమోనని భయపడటాన్ని అంటాడు. విత్తనాల వేళ విత్తనం గురించి ఆలోచించడం తప్పు కాదు. విత్తనాల వేళే కోత గురించి గుండె బాదుకోవడం తప్పు. మన మెట్ట రైతుకు ఈ మాట వేరే వివరించనక్కరలేదు.

నల్లరేగడి (కొండపి)

తమ్ముడూ, రైతు పేరెత్తావు గనుక వచ్చాను. పొగాకు వేసినవాడికి వేలం ముగిసేదాకా చింత తగ్గదు. అక్వీనాస్ మాట బాగుంది గాని, అప్పు పుస్తకం దాన్ని ఒప్పుకోదు.

నా అభ్యంతరం వేరు. 1933లో ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయానికి రెక్టరు అయి, నాజీ పార్టీలో చేరిన మనిషి దగ్గర మనం ఇతరుల పట్ల చింత నేర్చుకోవాలా? ఆయన పుస్తకంలో 'తోటి మనిషి' అని ఉంటుంది. ఆ తోటి మనిషికి ఆకలి ఉన్నట్టు, రోగం ఉన్నట్టు, అతన్ని ఊరినుంచి తరిమేయవచ్చన్నట్టు ఎక్కడా ఉండదు. చింత అంటే చివరకు నా ఉనికి గురించి నాకున్న చింత. పక్కవాడి మరణం కూడా నా మరణం గురించి నాకు పాఠం చెప్పడానికే పనికివస్తుంది.

నేను దేవుణ్ణి నమ్మను. ఫ్రెంచి రచయిత కామూ 1947లో రాసిన 'ప్లేగు' నవలలో డాక్టర్ రియూ నాకు దగ్గరివాడు. పిల్లవాడు ప్లేగుతో విలవిలలాడి చనిపోయాక, పాదిరీ పానెలూ మనిషి విమోచన గురించి మాట్లాడితే, అది నాకు చాలా పెద్ద మాట, నాకు కావలసింది మనిషి ఆరోగ్యం అంటాడు రియూ. ఆ తర్వాత ఇద్దరూ ఒకే పనిలోకి తిరిగి వెళ్తారు. ఇదే చాలదా? చింతకు ఆకాశం ఎందుకు?

ఒంగోలు అరుగు (ఒంగోలు)

మా అత్తగారు మంచాన పడి ఉన్నారు. తెల్లవారి లేస్తే ఆమె పని, పిల్లల పని, ఆ తర్వాత వంట. చర్చ చదువుతూ ఒకటి గమనించాను. ఇప్పటిదాకా వచ్చిన పేర్లన్నీ మగవాళ్ళవి. అక్వీనాస్‌కు పథ్యం ఎవరు వండారు? హైడెగ్గర్ రాసుకోవడానికి 1922లో టోట్నౌబెర్గ్ కొండ మీద చిన్న ఇల్లు కట్టించే పని దగ్గరుండి చూసుకున్నది ఆయన భార్య ఎల్‌ఫ్రీడ. చింత గురించిన పుస్తకం ఆ ఇంటి చల్లని గాలిలో రూపుదిద్దుకుంది. ఆ ఇంటి చింత ఎవరిదో పుస్తకంలో లేదు.

1982లో కరోల్ గిల్లిగన్ అనే అమెరికా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఒక పుస్తకం రాసింది. నీతి అంటే హక్కులు, సూత్రాలు మాత్రమేనని లెక్కగట్టినవాళ్ళు ఆడపిల్లల ఆలోచనను ఒక మెట్టు కింద పెట్టారని చూపించింది. ఎవరికి నొప్పి కలుగుతుంది, ఎవరితో బంధం తెగుతుంది అని అడగడం కూడా పరిణతి ఉన్న ఆలోచనేనని నిలబెట్టింది. నాకు అది చదివాక ఊపిరి ఆడింది. అయితే ఆ మాటను పట్టుకుని 'ఆడవాళ్ళకు సేవ సహజం' అని కుటుంబాల్లో పెద్దలు తీర్పు చెప్పేస్తే నాకు కోపం వస్తుంది. పెన్నగట్టు గారూ, ముద్దలు పెట్టేది మీ అక్క. తప్పొప్పులు ఆలోచించేది మీరు. ముందు ఒక పూట మీరు అమ్మ పక్కన కూర్చోండి.

పెన్నగట్టు (నెల్లూరు)

అమ్మా, మీ మాట సూటిగా తగిలింది. రాత్రి పూట అమ్మ దగ్గర ఇప్పుడు నేనే ఉంటున్నాను.

నల్లరేగడి గారి అభ్యంతరాన్ని నేను కొట్టిపారేయను. 1933 సంగతి ఆయన తత్వానికి బయట జరిగిందని చెప్పి తప్పించుకోవడం న్యాయం కాదు. కాని 26వ విభాగంలోనే ఆయన ఒక నిజం ఒప్పుకున్నాడు. మనం రోజూ ఒకరి పక్కనుంచి ఒకరం ఏమీ పట్టనట్టు వెళ్ళిపోవడం కూడా ఇతరులతో ఉండే ఒక తీరేనని, చాలాసార్లు మనం ఉండేది ఆ తీరులోనేనని అన్నాడు. దూకడం, ముందు నడవడం అనే రెండు కొసల మధ్య ఎన్నో కలగలుపు రూపాలుంటాయని కూడా అక్కడే ఉంది. ఆ కలగలుపు గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా రాస్తే బాగుండును.

డయాలసిస్ నర్సు (కనిగిరి వైపు)

నేను రాస్తాను. తత్వశాస్త్రం చదవలేదు, మంచాల మధ్య తిరగడం తెలుసు.

మా వైపు ఫ్లోరైడ్ నీళ్ళు, కిడ్నీ జబ్బులు మీ అందరికీ తెలిసినవే. డయాలసిస్‌కు వచ్చినవాళ్ళు ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రానికి కట్టుబడి ఉండాలి. వారానికి రెండు మూడు సార్లు రావాలి. మధ్యలో ఎన్ని నీళ్ళు తాగాలో లెక్క. మండుటెండలో కూలి పనికి వెళ్ళి వచ్చిన మనిషిని దాహం వేస్తే తాగవద్దు అనాలి. ఇది చాలా కష్టమైన మాట. కుటుంబాల్లో సగం తగాదా ఇక్కడే పుడుతుంది. భార్య చెంబు దాచేస్తుంది, భర్త దొంగతనంగా పంపు దగ్గర తాగుతాడు, మరుసటి సారి ఊపిరి ఆడక వస్తాడు. చెంబు దాచడం పెన్నగట్టు గారు చెప్పిన మొదటి రకం. ఆమె ప్రేమతోనే దాచింది. అతను మాత్రం తన ఒంటికి కాపలావాడు వేరే ఉన్నాడు గనుక తనకు బాధ్యత లేదనుకున్నాడు.

నేను చేసేది ఏమిటంటే, బరువు తూచే యంత్రం దగ్గర అతన్నే నిలబెట్టి అంకె అతని చేతే చదివిస్తాను. పోయినసారి ఎంత, ఈసారి ఎంత, తేడా ఎన్ని గ్లాసుల నీరు అని అతనే చెప్పాలి. రోజుకు తాగాల్సిన నీళ్ళు ఒక సీసాలో పోసి ఇంట్లో పెట్టుకోమంటాను. అందులోంచి ఎప్పుడు తాగాలో అతని ఇష్టం. కొందరు పొద్దున్నే అయిపోగొట్టి సాయంత్రం బాధపడతారు. నెమ్మదిగా నేర్చుకుంటారు. ఈ రకం మనుషులు మా దగ్గర ఎక్కువ కాలం నిబ్బరంగా ఉండటం చూశాను.

కాని ఒక్కసారిగా రక్తపోటు పడిపోయి కళ్ళు తేలేసినప్పుడు నేను ఎవరినీ ఏమీ అడగను. కాళ్ళు ఎత్తుతాను, యంత్రం సర్దుతాను, డాక్టరును పిలుస్తాను. అప్పుడు అతని చోట నేను దూకాలి. దూకి, అతను తేరుకోగానే వెనక్కి రావాలి. వెనక్కి రావడమే మాకు ఎవరూ నేర్పని పని.

ముద్దలు పెట్టడం సంగతి. ముందు మింగగలుగుతున్నారో లేదో డాక్టరు చేత చూపించండి. పక్షవాతం వచ్చినవాళ్ళకు మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. నిటారుగా కూర్చోబెట్టండి. మింగడం బాగుంటే అంచు ఎత్తుగా ఉన్న కంచం, కింద తడి గుడ్డ, లావు పిడి చెంచా ఇవ్వండి. అన్నం కాస్త మెత్తగా కలిపి ఇవ్వండి. ఒడిలో పడితే పడనివ్వండి, పాత చీర పరవండి. ఆమె అలిసిపోయాక మిగతాది అక్కయ్య పెట్టవచ్చు. తిన్న వెంటనే పడుకోబెట్టవద్దు.

ఉపదేశిగారబ్బాయి (కందుకూరు)

సిస్టర్, మీరు రాసినది చదివి పునీత కమిల్లుసు గుర్తొచ్చాడు. 1550లో ఇటలీలో పుట్టాడు. సైనికుడు, జూదరి, కాలికి మానని పుండు. ఆ పుండుతోనే రోము ఆసుపత్రిలో చేరి, అక్కడి రోగులను చూసి జీవితం మార్చుకున్నాడు. తన సన్యాస సభ సభ్యులకు పెట్టిన నియమం: తల్లి తన ఒక్కగానొక్క రోగిష్టి బిడ్డను చూసినట్టు రోగిని చూడాలి. ప్రాణాపాయమున్నా రోగిని వదలబోమని వాళ్ళు, సన్యాసుల మామూలు మూడు మాటపట్లకు తోడు నాలుగోది తీసుకుంటారు. నర్సులకు, రోగులకు ఆయన పాలక పునీతుడు.

నల్లరేగడి అన్నా, ఆకాశం ఎందుకని అడిగావు. జవాబుగా గాబ్రియేల్ మార్సెల్ అనే ఫ్రెంచి తత్వవేత్తను చెబుతాను. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన రెడ్‌క్రాస్‌లో, తప్పిపోయిన సైనికుల ఆచూకీ వెతికే పని చేశాడు. తల్లులు, భార్యలు వచ్చి అడుగుతారు. ఆయన చేతిలో కార్డులుంటాయి. ఒక్కో కార్డు వెనుక ఉన్న మనిషిని సమాచారంగా చూడటం తనవల్ల కాలేదని ఆయన తర్వాత చెప్పాడు. 1929లో కతోలిక జ్ఞానస్నానం తీసుకున్నాడు. ఆయన తత్వం మొత్తానికి నడిమి స్తంభం 'అందుబాటులో ఉండటం'. మన బాధ విని, సలహా చెప్పి, డబ్బు కూడా ఇచ్చి, ఎదురుగా కూర్చుని కూడా మనకు అందని మనుషులుంటారు. ఏమీ ఇవ్వలేక కూడా పూర్తిగా మన దగ్గర ఉన్నవాళ్ళుంటారు. మార్సెల్ దృష్టిలో అలా ఉండగలగడం మనం తయారుచేసుకున్న గుణం కాదు. పైనుంచి అందినది.

పోపు రెండవ జాన్ పాల్ 1984లో బాధను గురించి రాసిన లేఖలో, దెబ్బలు తిని దారిలో పడి ఉన్న పరాయివాణ్ణి ఆదుకున్న మంచి సమరయుని కథకు ఒక అధ్యాయమే ఇచ్చాడు. దానిలో మొదటి మాట 'ఆగడం'. సమరయుడు దారిలో ఆగాడు. నూనె, ద్రాక్షారసం, గాడిద, సత్రం, డబ్బు అన్నీ ఆ ఆగడం తర్వాతే. ఆయన చివరి ఏళ్ళలో పార్కిన్సన్ జబ్బుతో వణికే చేతుల్ని, తడబడే మాటను లోకానికి దాచలేదు. 2005లో చనిపోయేదాకా ఇతరుల చేతుల మీద ఆధారపడటాన్ని బహిరంగంగా జీవించాడు. 26వ విభాగం భయపడేది సరిగ్గా ఈ ఆధారపడటానికే. మా సంప్రదాయం దానిలో గౌరవాన్ని చూస్తుంది.

నల్లరేగడి (కొండపి)

ఆధారపడటంలో గౌరవం చూడటం ఆధారపడినవాడు చెప్పవలసిన మాట, ఆధారమిచ్చేవాడు కాదు. మన జిల్లాలో దానం చేసినవాళ్ళంతా దండం కోరారు.

అయినా న్యాయంగా ఒకటి చెబుతాను. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. ఊళ్ళనుంచి ఆకలితో వచ్చినవాళ్ళకు పని ఇచ్చి కూలి ఇచ్చాడు. గంజి పోసి పంపలేదు. ఇంకొక సంగతి, కరువు నడిచినంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూడు కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆగాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. మా తాతలు కాలువ గట్టు చూపించి, ఆ ఊళ్ళవాళ్ళ ముత్తాతలు తవ్వినదని చెప్పేవారు. తవ్వినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. గట్టు మీద తలెత్తి నడవడానికి వాళ్ళకు దొరికిన మొదటి కారణాల్లో అదొకటి. పెన్నగట్టు గారి రెండో రకం చింతకు మన నేల మీద ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనిపించదు. నమ్మకం లేని నేను ఒక మిషనరీ గురించి ఇలా రాయడం నాకే సంతోషంగా ఉంది.

మోడరేటర్

ఎవరి మతం ఎవరిని మార్చిందన్న వాదంతో వచ్చిన నాలుగు స్పందనలు తీసేశాను. దానికి వేరే చర్చ తెరుచుకోండి. ఇక్కడ చింత గురించే మాట్లాడదాం.

దూరపు కొడుకు (చీమకుర్తి, ప్రస్తుతం డాలస్)

మార్సెల్ మాట చదివి రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. నాన్న ఒంటరిగా ఉంటారు. ఆయాకు జీతం, మందులు, కరెంటు బిల్లు అన్నీ నేను ఇక్కడినుంచే కడతాను. వీడియోలో రోజూ మాట్లాడతాను. ఎదురుగా ఉండి అందనివాళ్ళుంటే, దూరంగా ఉండి అందేవాళ్ళు ఉండవచ్చా? ఉపదేశి గారూ, దీనికి మార్సెల్ ఏమంటాడు?

ఉపదేశిగారబ్బాయి (కందుకూరు)

ఉండవచ్చు అంటాడు. చనిపోయినవాళ్ళు కూడా మనకు సన్నిధిగా ఉండగలరని నమ్మినవాడు ఆయన, చిన్నప్పుడే తల్లి పోయింది. అయితే 'అన్నీ నేనే కడతాను' అన్న మాట కాసేపు పక్కన పెట్టి, నాన్న చింత మీకెంత తెలుసో చూసుకోండి. ఆయన రాత్రి ఏ లెక్క వేసుకుంటున్నారు? పొలం గురించా, మీ పిల్లల తెలుగు గురించా? ఫోనులో మందులు వేసుకున్నారా అని అడగడం ఒక పని. ఆయన దగ్గర సలహా తీసుకోవడం ఇంకొక పని. రెండోది చేసిన రోజు ఆయన గొంతు మీకే తెలుస్తుంది.

స్వర్ణాల చెరువు (నెల్లూరు)

అస్సలాము అలైకుం. నేను మీ రెండు మతాలవాణ్ణీ కాను, అందుకే ఒక మాట కలుపుతాను. నెల్లూరులో బారా షహీద్ దర్గా దగ్గర మొహర్రం నెలలో రొట్టెల పండుగ జరుగుతుంది. చెరువు నీళ్ళలో నిలబడి, కోరిక ఉన్నవాళ్ళు రొట్టె తీసుకుంటారు. అది తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి, అదే కోరిక ఉన్న ఇంకొకరికి రొట్టె ఇస్తారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె. హిందువులు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ వస్తారు.

నేను చూసినది ఇది. రొట్టె తెచ్చినవాళ్ళు తీసుకునేవాళ్ళ కోసం నీళ్ళలో అరుస్తూ వెతుకుతారు. తీసుకునేవాడు దొరకకపోతే ఇచ్చేవాడి మొక్కు తీరదు. ఇక్కడ ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారు? పోయినేడు చెయ్యి చాచినవాడే ఈ ఏడు చేతిలో రొట్టె పట్టుకుని నిలబడతాడు. నల్లరేగడి అన్నకు దండం కోరే దానం మీద కోపం ఉంది, సరే. ఈ రొట్టెలో దండం ఎవరికి?

నల్లరేగడి (కొండపి)

భాయ్, దీనికి నా దగ్గర అభ్యంతరం లేదు.

ఒంగోలు అరుగు (ఒంగోలు)

ఒక కష్టమైన సంగతి తెస్తాను. మా ఇంట్లో అత్తగారికి జబ్బు పేరు చెప్పలేదు. చెప్పవద్దని మగవాళ్ళు నిర్ణయించారు. ఫ్రెంచి రచయిత్రి సిమోన్ ద బోవ్వార్ 1964లో తల్లి మరణం గురించి రాసిన చిన్న పుస్తకంలో ఇదే ఉంది. తల్లి జారిపడి ఆసుపత్రికి వెళ్తే క్యాన్సర్ బయటపడుతుంది. కూతుళ్ళు, డాక్టర్లు ఆమెకు చెప్పరు. జీవితాంతం భక్తిగా బతికిన కతోలికురాలు ఆమె. అంతిమ దినాల్లో పాదిరీని పిలవమని అడగలేదు. ఆమె బతకాలని కోరుకుంది. బోవ్వార్ నాస్తికురాలు, ఆ మౌనాన్ని చాలా నిజాయితీగా చూస్తుంది. తాము అబద్ధమాడినందుకు తల్లి తన మరణంలో ఒంటరిదైపోయిందని బాధపడుతుంది.

చెప్పకపోవడం మొదటి రకం దూకుడే కదా? ఆమె మరణంలోకి కూడా మనమే దూకి, దాన్ని ఆమె చేతినుంచి తీసేసుకున్నాం.

డయాలసిస్ నర్సు (కనిగిరి వైపు)

అక్కా, రోగులకు చాలామందికి తెలుసు. తమకు తెలియనట్టు వాళ్ళు నటిస్తారు, వాళ్ళకు తెలియదన్నట్టు మనం నటిస్తాం. ఒక్కోసారి రాత్రి డ్యూటీలో నా చెయ్యి పట్టుకుని "ఇంక ఎన్నాళ్ళమ్మా" అని నన్ను అడుగుతారు, కొడుకును అడగరు. జబ్బు పేరుతో మొదలుపెట్టకండి. "అత్తయ్యా, మీకు ఏం తెలుసుకోవాలని ఉంది?" అని అడగండి. కొందరు ఏమీ వద్దంటారు, అదీ వాళ్ళ నిర్ణయమే. కొందరు పొలం కాగితాలు తెమ్మంటారు. కొందరు కూతుర్ని పిలవమంటారు. కతోలికులైతే ఫాదర్ గారిని పిలిచి అభ్యంగనం, అంటే తైలం పూసి చేసే ప్రార్థన, చేయించమంటారు. ఆ తైలం ప్రాణం పోయే గడియకే కాదు, జబ్బు తీవ్రమైనప్పుడు ఎప్పుడైనా ఇవ్వవచ్చని మా దగ్గరికి వచ్చే ఫాదర్ గారు చెబుతుంటారు. చాలా ఇళ్ళలో తైలం అనగానే భయపడి ఆలస్యం చేస్తారు, పిలిచేసరికి రోగికి స్పృహ ఉండదు.

ఉపదేశిగారబ్బాయి (కందుకూరు)

అవును. రెండవ వాటికన్ మహాసభ దాన్ని రోగుల సంస్కారంగా స్పష్టం చేసింది. అయినా ఇళ్ళలో పాత భయం పోలేదు.

ఇక నాకు అన్నిటికంటే దగ్గరైన పేరు చెప్పి ఆగుతాను. ఎడిత్ స్టైన్. యూదు కుటుంబంలో పుట్టింది. హుస్సర్ల్ అనే తత్వవేత్త దగ్గర చదువుకుంది, హైడెగ్గర్‌కు ముందు ఆయన సహాయకురాలు. 1915లో సైనిక ఆసుపత్రిలో టైఫస్ రోగులకు నర్సుగా పనిచేసింది. 1922లో కతోలిక జ్ఞానస్నానం తీసుకుంది, 1933లో కార్మెల్ మఠంలో సన్యాసినిగా చేరింది. హైడెగ్గర్ తత్వం మీద విడిగా విమర్శ రాసింది. ఆమె వాదం ఇది: నా ఉనికి క్షణక్షణం జారిపోయేదన్నది నిజం. దానితో పాటు ఇంకొకటి కూడా నిజం, నేను ప్రతి క్షణం నిలబెట్టబడుతున్నాను. బలమైన చేతుల్లో ఉన్న బిడ్డకు ఉండే నెమ్మది అది. తల్లి జారవిడుస్తుందేమోనని నిత్యం వణికే బిడ్డ తెలివైన బిడ్డా, అని అడుగుతుంది. రోజంతా భయంలో బతకడం మనకు మామూలు కాదని, భయం వచ్చిపోతుంటుందని, అడుగున ఒక భరోసా ఉంటుందని ఆమె చూపిస్తుంది.

నల్లరేగడి (కొండపి)

ఆ బిడ్డను 1942 ఆగస్టులో ఆష్‌విట్జ్‌లో చంపారు తమ్ముడూ. చెయ్యి జారలేదని ఎలా అంటావు? గెలవడానికి అడగడం లేదు.

ఉపదేశిగారబ్బాయి (కందుకూరు)

తెలుసు అన్నా. దీనికి నా దగ్గర మూసిపెట్టే జవాబు లేదు. హాన్స్ యోనాస్ అని హైడెగ్గర్ శిష్యుడు, యూదుడు. ఆయన తల్లిని కూడా ఆష్‌విట్జ్‌లోనే చంపారు. 1979లో బాధ్యత గురించి పెద్ద పుస్తకం రాసి, అప్పుడే పుట్టిన బిడ్డ ఊపిరి పీల్చడమే చుట్టూ ఉన్నవాళ్ళకు 'నన్ను చూసుకో' అనే ఆజ్ఞ అన్నాడు. గురువు పుస్తకంలో లేని ఆకలి, దేహం అక్కడ కనిపిస్తాయి. 1984లో ఆష్‌విట్జ్ తర్వాత దేవుడి గురించి మాట్లాడుతూ, దేవుడు చింతించే దేవుడే గాని, సర్వశక్తిమంతుడు కాడని, లోకాన్ని మనుషుల చేతికి అప్పగించి తానూ ఆపదలో పడ్డాడని అన్నాడు. నా విశ్వాసం అంత దూరం వెళ్ళదు. సిలువ మీద ఉన్నవాడు జారిపోయినవాళ్ళతో పాటు జారాడని నేను నమ్ముతాను. కాని యోనాస్‌ను చదివిన రోజు నేను ఎవరికీ ఉపదేశం చెప్పలేను.

పెన్నగట్టు (నెల్లూరు)

2021 మేలో కృష్ణపట్నం దారి నిండా ఆనందయ్య కరోనా మందు కోసం వచ్చిన జనాన్ని చూశాను. ఆక్సిజన్ దొరకని రోగుల్ని కార్లలో పెట్టుకుని తెచ్చారు. అప్పుడు ఆ చింతను మూఢత్వం అన్నవాళ్ళున్నారు. మందు సంగతి ఎలా ఉన్నా, ఆసుపత్రిలో పడక దొరకని కొడుకు ఊరుకోలేకపోవడాన్ని ఏమని పిలుస్తాం? నల్లరేగడి గారి రియూ, ఉపదేశి గారి స్టైన్ ఇద్దరూ ఆ దారిలో ఆగి ఉండేవారని నాకు అనిపిస్తుంది.

ఒంగోలు అరుగు (ఒంగోలు)

ఉపదేశి తమ్ముడూ, నాకు ఒక్కటి చెప్పు. లూకా సువార్తలో సమరయుని కథ అయిపోగానే మార్త, మరియల కథ వస్తుంది. మార్త వంటలో మునిగి ఉంటే, నువ్వు చాలా వాటి గురించి చింతిస్తున్నావని ఏసు ఆమెను మందలిస్తాడు. ఒక పేజీలో గాయాలు కట్టినవాణ్ణి మెచ్చుకుని, తర్వాతి పేజీలో వండిపెట్టే ఆడమనిషిని మందలించడం నాకు చిన్నప్పటినుంచీ నొప్పి.

ఉపదేశిగారబ్బాయి (కందుకూరు)

అక్కా, ఆ నొప్పి చాలామందిది. డొమినికన్ సన్యాస సభకు చెందిన పాదిరీ ఎకార్ట్ ఏడు వందల ఏళ్ళ క్రితం ఆ కథ మీద ఒక ప్రసంగం చేశాడు. హైడెగ్గర్ కూడా ఎకార్ట్‌ను ఇష్టంగా చదివాడు. ఆ ప్రసంగంలో ఎకార్ట్ అందరికీ ఎదురు చెబుతాడు. ఇద్దరిలో పరిపక్వత ఉన్నది మార్తకేనంటాడు. మరియ ఇంకా నేర్చుకుంటూ పాదాల దగ్గర కూర్చుంది. మార్త పనుల మధ్య నిలబడి ఉంది గాని, పనులు ఆమెలోకి చొరబడలేదు. చెల్లెలు ఆ తీపిలోనే ఆగిపోతుందేమోనని అక్క ఆమెను లేపమంది. యోహాను సువార్తలో తమ్ముడు లాజరు చనిపోయినప్పుడు ఏసుకు ఎదురెళ్ళి, నువ్వు ఇక్కడ ఉంటే నా తమ్ముడు చనిపోయేవాడు కాదని నిలదీసినదీ, నువ్వే క్రీస్తువని ఒప్పుకున్నదీ మార్తే. 2021లో పోపు ఫ్రాన్సిస్ జూలై 29ని మార్త, మరియ, లాజరు ముగ్గురి పండుగగా మార్చాడు.

ఒంగోలు అరుగు (ఒంగోలు)

ఈ మాట ఇన్నేళ్ళలో నాకు ఏ ప్రసంగంలోనూ వినబడలేదు. ఆ ప్రసంగం మొత్తం తెలుగులోకి తెచ్చి ఇక్కడ పెట్టు తమ్ముడూ. అత్తగారికి చదివి వినిపిస్తాను. ఆమె ఎప్పుడూ మార్త పక్షమే. నర్సు చెల్లి చెప్పిన ప్రశ్న కూడా ఆ రోజే అడుగుతాను.